గాజులవాడి కొసరు

మా ఆవిడ చెంచాతో పప్పన్నం తినడం చూడాలంటే గుండె దిటవు కావాలి. ఎడంచేత్తో చెంచా పట్టుకుని, అన్నాన్ని కంచం అంచుదాకా తరుముకుంటూ వెళ్ళి, అక్కడ అది ఇంకెటూ పోలేక ఆగినప్పుడు ఎత్తుతుంది. నోటిదాకా వచ్చేలోపు సగం ఒళ్ళో పడుతుంది. మిగిలిన సగం నమిలి మింగాక, ఇదంతా నా పనే అన్నట్టు నాకేసి చూస్తుంది.

ఆలోచిస్తే కొంత నా పనే. బెంగాలీల నడుమ ఉన్న మా రైల్వే ఊళ్ళో, వానాకాలంలో గోల్‌బజార్ చేపల వరస అంటే కిందంతా నీళ్ళు, పొలుసులు, కరిగిన మంచు. ఆ రోజు ఆవిడకీ, మేము దాదా అని పిలిచే బెంగాలీ చేపలవాడికీ బేరం తెగలేదు. బేరం తెగనప్పుడు మొహం తిప్పుకుని నాలుగడుగులు వేస్తే అమ్మేవాడే వెనక్కి పిలుస్తాడని పెళ్ళయిన కొత్తలో ఆవిడకి నేర్పింది నేనే. ఆవిడ మొహం తిప్పుకుంది. నాలుగడుగులు వేసింది. వాడు పిలిచాడు. పిలిచాడన్న సంబరంలో గిరుక్కున తిరిగింది. అంతే, కుడిచెయ్యి కింద పెట్టి పడింది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఆటోలో ఆవిడ మూలుగుతూ అడిగిన మొదటి మాట, "ఎంతకి దిగినాడండీ?" అని.

కట్టు విప్పాక ఎముక బాగానే అతికిందన్నారు. అయితే వేళ్ళు మాత్రం వంగడం లేదు. కర్రల్లా నిలబడిపోయాయి. ప్రేమ్ బజార్‌లో ఒక బెంగాలీ అమ్మాయి ఇలాంటి వాటికి వ్యాయామాలు చేయిస్తుందని అక్కడికి పంపారు. చిన్న గది. బంతాటలో కాలు మెలిపెట్టుకున్న ఇంజనీరింగ్ కుర్రాళ్ళు బల్లమీద వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య మేమిద్దరం. ఆ అమ్మాయి వాళ్ళ భాషలో బాబాయ్, పిన్నీ అన్నట్టు నన్ను కాకూ అనీ, మా ఆవిడని కాకీమా అనీ పిలుస్తుంది. వేళ్ళ కొసలకీ అరచేతికీ మధ్య ఎంత ఎడం ఉందో చిన్న స్కేలు పెట్టి కొలిచింది. గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి నానబెట్టి, ఒక్కొక్క వేలే మెల్లగా వంచాలనీ, ఇంట్లో ఎవరైనా సాయం పట్టాలనీ హిందీలో చెప్పింది. ఈ కొద్ది వారాలే ముఖ్యం, ఇప్పుడు వదిలేస్తే పిడికిలి ఇక ముడుచుకోదు అంది.

"మరి అన్నం? చేత్తో తింటానా?" అని మా ఆవిడ అడిగింది.

ఆ అమ్మాయి మొహమాటపడలేదు. "చేస్తే తింటారు కాకీమా. చెయ్యకపోతే చెంచాయే."

అన్నం సంగతి అలా ఉంచండి. చెంచాతో చేప తినలేరు. ముల్లు తీయడం వేళ్ళ పని. నేను తీసి పెడతానన్నాను.

"మీరా? కళ్ళజోడు నెత్తిమీద ఎట్టుకుని ఇల్లంతా ఎతికీ మనిసి ముల్లు తీస్తే నాను తినాలా?" అంది.

ఆవిడ తినకపోతే నేను తినడం బాగుండదు కదా. మా ఇంట్లోంచి చేప వెళ్ళిపోయింది. మా ఆవిడ నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగింది. చేప లేకుండా ఆదివారం దాటిన ఇల్లు కాదు వాళ్ళది. చెయ్యి విరిగినప్పుడు కూడా అంత దిగులుగా కనిపించలేదు.

ప్రేమ్ బజార్ గదిలో ఆ కుర్రాళ్ళందరి ముందూ నేనొక గొప్ప మాట అన్నాను. "వేళ్ళు వంచడమే కదమ్మా? ఈ ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ చేతులు వంచినవాణ్ణి" అన్నాను. కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మా ఆవిడ నుదురు కొట్టుకుందామనుకుంది గాని ఆ చెయ్యి లేవలేదు.

నేను గాజులవాణ్ణి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి గాజుల మలారం భుజాన వేసుకుని రైలు పని వెతుక్కుంటూ వచ్చిన మనవాళ్ళ వెంట ఇక్కడికి వచ్చాడట. మా నాన్న గోల్‌బజార్‌లో కొట్టు పెట్టాడు. మాకు కుడిపక్క బట్టల కొట్టు, ఎడంపక్క కిరాణా, ఎదురుగా గిన్నెల కొట్టు. అలాంటి చోట పెరిగినవాడికి ఎక్కాలకన్నా ముందు బేరం వస్తుంది. బడిలో మాష్టారు పది గుంజీళ్ళు తియ్యమంటే ఆరుకి దింపినవాణ్ణి నేను. అందులో రెండు రేపు తీస్తానని అప్పు కూడా పెట్టాను.

కానీ గాజుల పని బేరంతో అయ్యేది కాదు. గట్టి గాజు, మెత్తటి చెయ్యి. సరైన గాజు మణికట్టుమీద వేలాడకూడదు, అంటే మెటికల దగ్గర ఇరుకుగానే దూరాలి. చెయ్యి బిగుసుకుంటే దూరదు. నెడితే పగులుతుంది, గీసుకుంటుంది. బొటనవేలి మొదలు నెమ్మదిగా నొక్కుతూ, నాలుగు వేళ్ళూ దగ్గరికి చేర్చి, చెయ్యి తనంతట తాను వదులయ్యేదాకా ఆగాలి. ముక్కూ మొహం తెలియని ఆడమనిషి, పక్కన మొగుడో అత్తగారో నిలబడి చూస్తుండగా, ముక్కూ మొహం తెలియని మగవాడి చేతిలో చెయ్యి పెట్టి వదులు చెయ్యాలి. నమ్మకం అంటే అంతకన్నా ఏముంటుంది?

"సెయ్యి కేసి సూడకురా" అనేవాడు మా నాన్న. "నువ్వు సూస్తే ఆవిడా సూస్తాది. సూస్తే బిగుసుకుంటాది. మొకం సూసి ఊసులాడు."

ఊసులాడటంలో నేను మా నాన్నని మించిపోయాను. పుట్టిల్లు ఎక్కడ, పిల్లలెందరు, ఈసారి దసరా పూజకి ఊరెళ్తున్నారా అని అడుగుతూ అడుగుతూ డజను ఎక్కించేసేవాణ్ణి. ఆవిడ పిల్లల చదువు గురించి చెప్పి తలదించి చూసుకునేసరికి చేతినిండా గాజులుండేవి. కొన్నేళ్ళ క్రితం కొట్టు మూసేశాను. ఇప్పుడు ఆడపిల్లలు వెడల్పు గాజులు తెచ్చుకుని వాళ్ళే తొడుక్కుంటున్నారు. కొట్టు అద్దెకిచ్చాను. అక్కడొకాయన సెల్‌ఫోన్లకి తొడుగులు వేస్తున్నాడు. ఫోను బిగుసుకోదు, దాంతో ఊసులాడక్కర్లేదు. ఆయనకి నోరు నొప్పి లేదు.

అంచేత మా ఆవిడ వేళ్ళు వంచడానికి నేను తప్ప మొనగాడు లేడని నిజంగానే నమ్మాను. మర్నాడు పొద్దున్న వసారాలో కుర్చీ వేసి, బేసిన్‌లో వేణ్ణీళ్ళు పోసి, ఆవిడ చెయ్యి నానబెట్టి, తుడిచి, నా తొడమీద తువ్వాలు పరిచి దానిమీద పెట్టుకున్నాను. చెయ్యి చూడలేదు. మొహం చూసి నవ్వాను.

"మీ అన్నయ్యోళ్ళు ఎలగున్నారు?"

"పొద్దున్నే మీరే కదండీ మాటాడినారు ఫోన్లో."

"అదే, ఉత్తినే అడిగినాను."

"మీరు ఉత్తినే అడగరు" అంది మా ఆవిడ. "ఇన్నేళ్ళు కేరేజీ అట్టుకొచ్చి ఆ కొట్టెనకాల నిలబడ్డాను. ఏ ఊసుకి ఏ ఏలు నొక్కుతారో నాకు తెల్దేటి? అన్నయ్య ఊసెత్తినారంటే బొటనేలు. పిల్లల ఊసెత్తితే సిటికినేలు. అత్తగారి ఊసు ఎత్తినారంటే మొత్తం గాజు లోపలికి తోసీసినట్టే. ఆ యేషాలు నా దగ్గిర కాదు."

నేను నవ్వేశాను. కానీ నా చేతిలో ఆవిడ చెయ్యి నవ్వలేదు. చెక్కలా అయిపోయింది. వేళ్ళు ఒక్క వెంట్రుకంత వంగలేదు. జీవితమంతా పనికొచ్చిన సరుకు ఇంట్లో చెల్లలేదు.

అలా కాదనుకుని నాకు తెలిసిన రెండో విద్య తీశాను. బేరం పెట్టాను.

"ఒక్కో ఏలూ పదిసార్లు వంచమంది ఆ అమ్మాయి."

"మూడు."

"మూడేటే, గుంజీళ్ళు కూడా అంత తక్కువ తీయలేదు నాను. ఎనిమిది."

"నాలుగు. నాలుగు దాటితే ముట్టుకోడానికి ఈల్లేదు."

ఐదుకి తెగింది. ఆవిడకీ ఉత్సాహం వచ్చింది, నాకూ వచ్చింది. పొద్దున్నే కాఫీకి ముందు ఇద్దరికీ ఇష్టమైన ఆట దొరికింది కదా అనుకున్నాను. ఒకటి, రెండు, మూడు. మూలిగింది గాని ఓర్చుకుంది. నాలుగు. ఐదోసారి వేలు కాస్త మెత్తబడినట్టు అనిపించింది. చేతిలోకి వచ్చిన బేరాన్ని వదలడం మా వంశంలో లేదు. అక్కడితో ఆపకుండా ఇంకొంచెం నొక్కాను.

ఇంటి గోడమీద కాకులు లేచిపోయాయి.

"ఐదన్నారు!" అని చెయ్యి లాగేసుకుంది.

"ఐదే కదే. అది కొసరు."

కొసరంటే ఏమిటో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. బేరం తెగి, తూకం అయ్యి, సంచిలో పడ్డాక కూడా ఇంకో గుప్పెడు వెయ్యమని అడిగే పైముక్క. బెంగాలీ కొట్లో కూడా మనవాళ్ళు "ఎక్‌టూ కొసరు దాదా", కాస్త కొసరు వెయ్యవయ్యా అని అడుగుతారు. వాళ్ళకి ఆ మాట అర్థం కాకపోయినా మన మొహం చూసి వేస్తారు.

"కొసరు కొనీవోళ్ళు అడుగుతారండీ" అంది మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "కొట్లో కూకున్నోళ్ళు అడగరు."

"ఇక్కడ కొంటన్నది నానే కదా. నీ ఏళ్ళు కొంటన్నాను" అన్నాను. మాట బాగా వచ్చిందని నాలో నేను మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు కొసరు అడగనని ఒట్టు పెట్టాను. ఒట్టు నిలబెట్టుకున్నాననే అనుకున్నాను. కాకపోతే ఐదోదాన్ని కాస్త నెమ్మదిగా లెక్కపెట్టాను. "ఐ..." అని మొదలెట్టి "...దు" అనేలోపు ఎంత వంచాలో అంతా వంచాను. ఆ మర్నాడు నానబెట్టిన నీళ్ళు చల్లారిపోయినా ఆవిడ చెయ్యి బేసిన్‌లోంచి తీయలేదు.

"ఇలగియ్యి" అన్నాను.

"కొట్టు కట్టీసినాను" అంది. తువ్వాలు తానే తీసుకుని చెయ్యి చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత రోజులన్నీ అంతే. నేను చెయ్యి చాపితే ఆవిడ చెయ్యి కొంగు కిందికి వెళ్ళేది. నిద్రలో పక్కకి తిరిగినప్పుడు నా చెయ్యి తగిలినా ఉలిక్కిపడేది. అది మాత్రం నాకు నవ్వు తెప్పించలేదు.

మళ్ళీ ప్రేమ్ బజార్ వెళ్ళాం. ఆ అమ్మాయి స్కేలు పెట్టింది. తగ్గలేదు. పైగా మెటికల దగ్గర వాపు వచ్చింది. ఆ అమ్మాయి ముట్టుకోబోతే మా ఆవిడ చెయ్యి దానంతట అదే వెనక్కి పోయింది. ఆ అమ్మాయి తలెత్తి నాకేసి చూసింది.

"కాకూ, జోర్ కొర్‌ఛెన్?"

బలవంతం చేస్తున్నారా అని. నేను బెంగాలీ రానివాడిలా మొహం పెట్టాను. గోల్‌బజార్‌లో పుట్టినవాడికి అది నప్పలేదు.

"బలవంతం చేస్తే చెయ్యి తనని తాను కాపాడుకుంటుంది, ఇంకా బిగుసుకుంటుంది. నొప్పి అన్నప్పుడు ఆపాలి. ఆస్తే కాకూ, ఆస్తే" అంది, మెల్లగా అని. తర్వాత గొంతు తగ్గించి, ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగితే తను కూడా చేయగలిగింది ఉండదంది.

తిరిగి వచ్చేటప్పుడు టోటో ఎక్కాం. టోటో అంటే ఇక్కడి బ్యాటరీ రిక్షా, అందులో మాట్లాడుకుంటే డ్రైవరుతో సహా అందరికీ వినబడుతుంది. అయినా మా ఆవిడ మాట్లాడింది.

"పోనీలెండి. సెంచాతో తింటే మనిసి సచ్చిపోద్దేటి? పెద్ద పెద్ద ఆఫీసర్లందరూ సెంచాతోనే తింటారు. నాను ఆఫీసరునైపోనాననుకుందాం."

నవ్వుతూనే అంది. కానీ నేను బేరగాణ్ణి, నాకు తెలుసు. మా ఆవిడ కొత్తిమీర కట్ట కూడా చెప్పిన ధరకి కొనదు. అలాంటిది, చెంచా అని ఎవరో చెప్పిన మొదటి ధరకే ఒప్పేసుకుంది. మొహం తిప్పుకోలేదు, నాలుగడుగులు వెయ్యలేదు. 

ఆ సాయంత్రం వసారాలో కూర్చుని ఏం చెయ్యాలా అని ఆలోచిస్తుంటే, ఎప్పుడో కొట్లో జరిగిన ఒక సంగతి గుర్తొచ్చింది. మా నాన్న ఉన్న రోజులవి. నిమ్‌పురా నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. గనుపులు కట్టిన పెద్ద పెద్ద మెటికలు. ఇంకో కొట్లో ఎవడో తోసి తొడగబోయి చెయ్యి గీరేశాడట. అక్కడ మొదలుపెట్టి, గాజులవాళ్ళందరినీ తిడుతూనే మా నాన్న ముందు కూర్చుంది. మా నాన్న గాజు మెటికలదాకా తెచ్చాడు. సగం దూరింది. ఇంకొక్క నొక్కు నొక్కితే లోపలికి వెళ్ళిపోతుంది. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను, అక్కణ్ణుంచి తోయడం నాకైతే కళ్ళు మూసుకుని చేసే పని.

"ఆగు" అందావిడ.

మా నాన్న ఆగాడు. ఆగి ఊరుకోలేదు, గాజుని వెనక్కి తీసేశాడు. తీసి బల్లమీద పెట్టి, "మరోపాలి రండమ్మా. సెయ్యి ఎక్కడికీ పోదు, గాజూ ఎక్కడికీ పోదు" అన్నాడు.

ఆవిడ ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎక్కిన బేరాన్ని దించేశావేంటి నాన్నా అన్నాను.

"ఆగమన్నాక తోస్తే ఒక గాజు ఎక్కుతాదిరా. ఇంక ఆ సెయ్యి మళ్ళీ మన సేతిలో ఎట్టదు" అన్నాడు. "పగిలితే గాజు మనదే కదా, మనకే పోతాది. ఆవిడికి ఏటీ పోకూడదు. అప్పుడే ఒదులు సేస్తాది."

అది నిజం. ఎక్కిస్తున్నప్పుడు పగిలిన గాజుకి మేము డబ్బు తీసుకోం. అది ఈ పనిలో పాత ఆచారం. చేతికి ఎక్కిన గాజులకే ధర.

ఆ పెద్దావిడ కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. కూర్చుంటూనే చెయ్యి తనే చాపింది. తిట్టలేదు. ఈసారి ఆగమనలేదు. తర్వాత వాళ్ళ కోడళ్ళు వచ్చారు, కోడళ్ళ చెల్లెళ్ళు వచ్చారు. నేను ఈ కథని ఎంతోమందికి గొప్పగా చెప్పాను. ఒక గాజు వదిలి పది డజన్లు అమ్మిన మా నాన్న తెలివి అని. గాలానికి ఎర వేసినట్టు అని చేతులు తిప్పుతూ చెప్పేవాణ్ణి. ఆ సాయంత్రం వసారాలో తోచింది, నేను చెప్పిన కథ తప్పని. మా నాన్న ఎర వెయ్యలేదు. ఆవిడ ఆగమంది, ఆయన ఆగాడు, అంతే. ఆవిడ మళ్ళీ వస్తుందని ఆయనకేం తెలుసు? ఊసులు నేర్చుకున్నాను, బేరం నేర్చుకున్నాను. ఆయన దగ్గర అసలు సరుకు వేరే ఉంది, దాన్ని నేను మూట కూడా విప్పలేదు.

పొద్దున్న వేణ్ణీళ్ళు పెట్టి, తువ్వాలు పరిచి, కూర్చున్నాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది.

"మళ్ళీ దుకానం తెరిసినారా?"

"తెరిసినాను. ఇయ్యాల్టి నుంచి లెక్క లేదు. నువ్వు ఆగమంటే ఆగిపోతాను. ఒక్కసారి కూడా వంచకుండా ఆగమన్నా ఆగిపోతాను."

"ఒట్టే?"

"ఒట్టు కాదు. నా ఒట్లు నీకు తెలుసు కదా. సూసుకో."

చూసుకుంది. ఎలా చూసుకుందో చెప్తే మీరు జాలిపడతారు. చెయ్యి తువ్వాలుమీద పెట్టింది. నేను చూపుడువేలు ముట్టుకున్నాను.

"ఆపండి."

ఆపాను. చెయ్యి వదిలేశాను.

"సరే, పట్టుకోండి."

పట్టుకున్నాను.

"ఆపండి."

వదిలేశాను. ఏ కొట్టుకైనా కొందరు ఆడవాళ్ళు వస్తారు. పైఅటకమీది డబ్బా దింపించి, ఎర్రవి కాదు ఆకుపచ్చవి అని, ఆకుపచ్చవి కాదు చుక్కలవి అని, సరుకంతా బల్లమీదికి ఎక్కించి, చివరికి "సరేలే బాబూ, మా ఆయన్ని అడిగొస్తాను" అని లేచిపోతారు. మా ఆవిడ నాతో ఆ బేరం మొదలుపెట్టింది. ఆ రోజు ఒక్క వేలూ వంగలేదు. మర్నాడూ అంతే. నేను ముట్టుకోవడం, ఆవిడ ఆపమనడం, నేను వదిలెయ్యడం. నీళ్ళు చల్లారాక, "ఇయ్యాల్టికి కట్టీయండి" అని పెత్తనంగా లేచిపోయేది. ఆవిడ మొహంలో చెయ్యి విరిగాక ఎప్పుడూ చూడని సంతోషం. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొగుడు ఆపమంటే ఆపుతున్నాడు.

నాకు లోపల భయంగానే ఉంది. ఆ అమ్మాయి చెప్పిన వారాలు కరిగిపోతున్నాయి. రోజూ ఒకసారైనా "పోనీ, కొంచెం తోస్తే ఏమవుతుంది" అని నా బొటనవేలు నన్నే అడిగేది. దానికి సమాధానం చెప్పడం ఇన్నేళ్ళలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక పొద్దున్న, ఆవిడ పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడని తిడుతోంది. నేను చూపుడువేలు పట్టుకున్నాను. ఆపమనలేదు. పాలవాడి తర్వాత వాడి అన్నగారిమీదికి వెళ్ళింది. నేను వంచాను, ఎంత వంగితే అంత. ఆపమనలేదు. ఇంకోసారి. నేను చెయ్యి చూడటం లేదు గాని నా వేళ్ళకి తెలుస్తోంది. చెక్కలా ఉన్నది కాస్తా, నానిన తాడులా అయింది. నాలుగుసార్లు వంచాను. ఇంకోసారి వంగుతుంది, తప్పకుండా వంగుతుంది. అక్కడ ఆపేసి, తువ్వాలు కప్పాను.

మా ఆవిడ పాలవాణ్ణి మధ్యలో వదిలేసింది. "అదేటి? నాను ఆపమనలేదే."

"నాకు తెలుసు."

"మరి ఇంకోటి అవుతాది కదా?"

"అవుతాది."

"మరెందుకు ఆపీసినారు?"

"కొసరు" అన్నాను. "కొట్లో కూకున్నోడు అడగకూడదన్నావు కదా. ఇవ్వొచ్చు కదేటి? అది నీకే ఒగ్గీసినాను."

ఆవిడ నా మొహం కేసి కాసేపు అనుమానంగా చూసింది. గాజుల కొట్టువాడి మొహం, అనుమానించడం న్యాయమే. తర్వాత నవ్వింది. "ఓలమ్మ, ఈ మనిసి కొసరిచ్చీ రోజు కూడా వొచ్చిందా! ఆ గిన్నెల కొట్టాయన్ని పిలవండి, సాక్ష్యం ఉంటాడు" అంటూ నవ్వింది. నవ్వుతూ, ఎడంచేత్తో తన చూపుడువేలు తనే పట్టుకుని, పెదవి కొరుక్కుని, ఆ మిగిలినదాన్ని వంచుకుంది. నేను వంచినదానికన్నా ఎక్కువ వంచింది.

అప్పటినుంచి అదే పద్ధతి. నేను వంచేది కొంత, చివరిది ఆవిడది. ఆ చివరిది క్రమంగా పెరిగింది. కొన్నాళ్ళకి నేను వంచేది తక్కువ, ఆవిడ వంచుకునేది ఎక్కువ అయింది. నేను వట్టినే తువ్వాలు పరుచుకుని కూర్చుని, పాలవాడి చరిత్ర వినేవాణ్ణి. ప్రేమ్ బజార్‌లో ఆ అమ్మాయి స్కేలు పెట్టి, ఇంకోసారి పెట్టి, "కాకూ, ఏం చేశారు?" అంది. "ఏమీ చెయ్యలేదమ్మా" అన్నాను. నా జీవితంలో బేరం లేకుండా చెప్పిన నిజాల్లో అదొకటి. పక్కన కట్టుకట్టుకున్న ఒక తెలుగు కుర్రాడు, "అంకుల్, మా ఫ్రెండ్‌కి కూడా భుజం పట్టేసింది" అన్నాడు. మా ఆవిడ వెంటనే అందుకుంది. "వొద్దు నాయనా. ఈయన సేతిలో పడితే ముందు ఏడిపిస్తారు, తరవాత మారతారు."

పిడికిలి పూర్తిగా ముడుచుకోలేదు, ఇంకా పని ఉందని ఆ అమ్మాయి అంది. అయినా ఆదివారం పొద్దున్నే మా ఆవిడ సంచి తీసింది. గోల్‌బజార్ చేపల వరసలో ఈసారి నా మోచెయ్యి పట్టుకుని, ఒక్కొక్క అడుగే చూసుకుని నడిచింది. దాదా ఆవిణ్ణి చూసి, "దీదీ, హాత్ కేమోన్?" అని చెయ్యెలా ఉందో అడిగాడు. ఆవిడ రోహూ చేప మొప్ప ఎత్తి చూసింది. ఎత్తింది కుడిచేతి వేళ్ళతో. లోపల ఎరుపు సరిగా లేదని దాన్ని పక్కకి తోసి, ఇంకోటి ఎత్తింది. ఆ తర్వాత బేరం జరిగింది. నేను నోరు విప్పలేదు.

ఇంటికొచ్చి పులుసు తానే చేయించింది, నా చేత. కంచాల్లో వడ్డించుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. మొదటి ముద్ద విడిపోయింది. రెండోది కూడా కుదరలేదు. మూడోదాన్ని గట్టిగా అదిమి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. తర్వాత చేప ముక్క ముందుకి లాక్కుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఒక్కొక్క ముల్లే వెతికి, పట్టుకుని, అది జారిపోతే మళ్ళీ పట్టుకుని, కంచం అంచుమీద వరసగా పెడుతోంది. నేను తినడం అయిపోయి చాలాసేపయింది. పులుసు చేతికి ఎండి పట్టేసింది.

"లెగండి. సెయ్యి ఎండిపోతంది. నాకు ఇంకా టైమవుతాది" అంది తలెత్తకుండా.

"తొందరేటి ఉన్నాది? తిను" అన్నాను.

ఆవిడ ఇంకో ముల్లు తీసింది. నేను కూర్చున్నాను.